రాజ్యాల ఆయుర్దాయాన్ని పరిశోధించిన ఇబ్న్ ఖల్దూన్

రాజుల చరిత్రలు వ్రాసినవారు అనేకులు. రాజ్యాలు ఎందుచేత నిలుస్తాయి, ఎందుచేత కూలుతాయి అని కారణం వెదకినవారు బహు కొద్దిమంది. వారిలో అగ్రగణ్యుడు ఉత్తరాఫ్రికాకు చెందిన అరబ్బు పండితుడు ఇబ్న్ ఖల్దూన్. దుర్బల రాజ్యాలను గూర్చి, ఏ శాసనంలోనూ వ్రాయబడని కట్టుబాట్లను గూర్చి నేటి రాజనీతిశాస్త్రజ్ఞులు సాగిస్తున్న విచారణకు ఆయన ఆరు శతాబ్దాలకు పూర్వమే బాట వేశాడు.

ఆయన 1332 మే 27న ట్యూనిస్ నగరంలో జన్మించాడు. పూర్వులు దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతం నుండి స్పెయిన్ చేరి, సెవిల్ నగరంలో తరతరాలుగా ఉన్నత పదవులు నిర్వహించారు. 1248లో ఆ నగరం కాస్టిల్ రాజుల వశం కావడానికి ముందే వారు సముద్రం దాటి ఆఫ్రికా తీరానికి తరలివచ్చారు. బాల్యంలో ఆయన ఖురాను, వ్యాకరణం, ధర్మశాస్త్రం అభ్యసించాడు. అల్ ఆబిలీ అనే ఆచార్యుని వద్ద తర్కం, గణితం నేర్చాడు. 1348–49లో చెలరేగిన ప్లేగు మహమ్మారి ఆయన తల్లిదండ్రులను, గురువులలో పలువురిని బలిగొన్నది.

ఇరువదేండ్ల ప్రాయంలోనే ట్యూనిస్ ఆస్థానంలో లేఖకుడయ్యాడు. ఆనాడు ఉత్తరాఫ్రికా ట్యూనిస్, త్లెంసెన్, ఫెజ్ రాజధానులుగా మూడు రాజవంశాల నడుమ చీలి ఉండేది. నేటి మంత్రి రేపటి ఖైదీ. ఫెజ్ సుల్తానును కొలుస్తూ, కుట్ర ఆరోపణపై 1357లో ఆయనే చెరసాల పాలయ్యాడు. సుల్తాను మరణించేవరకు, సుమారు రెండేండ్లు, విముక్తి లభించలేదు. అనంతరం గ్రనాడా చేరి, 1364లో ఆ ప్రభువు తరఫున సెవిల్‌కు రాయబారిగా వెళ్ళాడు. తన కొలువులో ఉండిపోతే పూర్వుల ఆస్తిని తిరిగి ఇప్పిస్తానని కాస్టిల్ రాజు పెద్రో ఆశ చూపాడు. ఆయన మర్యాదగా నిరాకరించాడు.

1365లో బిజాయా ప్రభువుకు ప్రధానామాత్యుడై, కొండప్రాంతపు బెర్బరు తెగల నుండి పన్ను రాబట్టే భారం స్వయంగా వహించాడు. మరుసటి ఏడే ఆ ప్రభువు యుద్ధంలో హతుడయ్యాడు. తరువాత కొన్నేండ్లు బిస్క్రా పరిసరాలలో ఉంటూ ఎడారి తెగలను సుల్తానుల పక్షానికి సమీకరించాడు. అక్కడ సుల్తాను ఆజ్ఞ కంటె తెగపెద్ద మాట, రక్తబంధుత్వం, శరణన్నవానిని కాపాడే ధర్మం బలవత్తరమైనవి.

ఈ అనుభవమంతా 1375లో ఆయన రాజకీయాలు విడిచి, నేటి అల్జీరియాలోని ఖల్అత్ ఇబ్న్ సలామా కోటను చేరిన పిదప ఫలించింది. ఏ కొలువూ ఇవ్వలేకపోయిన అభయాన్ని అక్కడ ఒక తెగ ఇచ్చింది. ఆ నీడలో దాదాపు నాలుగేండ్లు గడిపి, 1377లో తన మహాచరిత్రకు పీఠికగా ‘ముఖద్దిమా’ గ్రంథాన్ని ఐదు నెలలలో రచించాడు.

అందులోని మూలభావన అసబియ్యా. ఒక సమూహంలో ఒకరికొకరు ప్రాణమిచ్చునంతటి ఐకమత్యమే అది. కఠిన జీవనంలో ఆ బంధం దృఢమౌతుంది. దాని బలంతోనే ఒక తెగ రాజ్యం గెలుస్తుంది. గెలిచిన తరం కష్టమెరుగును. రెండవ తరం కష్టాన్ని విన్నది మాత్రమే. మూడవ తరం భోగంలో దానిని మరచి, కిరాయి సైన్యాన్ని ఆశ్రయిస్తుంది. తరానికి నలుబదేండ్ల చొప్పున ఒక రాజవంశపు ఆయువు సాధారణంగా నూట ఇరువదేండ్లని ఆయన నిరూపించబూనాడు. ఆరంభంలో స్వల్పమైన పన్నుతో బొక్కసం నిండునని, కడపట అధికమైన పన్నుతోనే అది ఖాళీ అగునని కూడ వివరించాడు. భారం హెచ్చినకొద్దీ ప్రజలకు శ్రమించే ఉత్సాహం నశించడమే దానికి హేతువు.

1382లో ఆయన ఈజిప్టుకు వలసవెళ్ళాడు. 1384లో కైరోలో మాలికీ ధర్మశాఖకు ప్రధాన న్యాయాధిపతిగా నియుక్తుడై, కూటసాక్షులను, లంచగొండులను అణచబూని శత్రువులను కొనితెచ్చుకొన్నాడు. ఆ కాలంలోనే ఆయనను చేరవస్తున్న కుటుంబం ఓడ మునిగి సముద్రం పాలైంది. ఆ పదవి పలుమార్లు ఊడి, పలుమార్లు తిరిగి లభించింది. 1401లో తైమూరు డమాస్కస్‌ను ముట్టడించినపుడు, దాదాపు డెబ్బదేండ్ల ఆ వృద్ధుడు కోటగోడ మీదుగా త్రాళ్ళ సాయంతో దిగి, ఆ విజేతతో పలుమార్లు సంభాషించాడు. 1406 మార్చి 17న కైరోలో కన్నుమూశాడు.

ఆయన తరచుగా ప్రభువులను మార్చాడని నిందించినవారు ఉన్నారు. ఆ నింద పూర్తిగా అసత్యం కాదు. అయితే కూలుతున్న కొలువులన్నింటినీ లోపలినుండి చూచిన కారణంగానే, కోటగోడలకన్న ముందు మనుష్యుల నడుమ నమ్మిక శిథిలమౌతుందని ఆయన గుర్తింపగలిగాడు. చరిత్ర చదువుకొనే ప్రతి విద్యార్థీ రాజుల పేర్లతో, యుద్ధాల తేదీలతో తృప్తిపడక, వాటి వెనుకనున్న ఆ నమ్మికను గూర్చి ప్రశ్నింపవలెననుటయే ఆయన జీవితం మనకందించే బోధ.