అర్చ్యశిష్ట చార్లెసు బొరోమియోగారి చరిత్రము

గొప్ప పదవి యొకనికి పుట్టుకవలన లభింపవచ్చును, బంధుబలమువలన లభింపవచ్చును. ఆ పదవికి దగిన యోగ్యతను మాత్ర మెవనికివాడే శ్రమపడి సంపాదించుకొనవలెను. బంధుబలముచేతనే మిక్కిలి చిన్నవయస్సున నున్నతపదవి నందియు, చదువును సాధనయు లేని వా రట్టి పదవులలో జేరకుండుటకై తన జీవితమంతయు ధారపోసిన యొక మహనీయుని చరిత్రము నిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఇటలీదేశపు టుత్తరభాగమున మజోరె యను విశాలమైన సరస్సు గలదు. దాని యొడ్డున నున్న అరోనా కోటలో 1538వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని చార్లెసు బొరోమియో జన్మించెను. తండ్రి గిల్బెర్టో ప్రభువు. తల్లి మార్గరీటా మిలాను నగరపు మెదిచీ వంశమునకు జెందిన సాధ్వి. ఆ కాలమున మఠముల యాదాయములు గొప్ప కుటుంబములలోని బాలురకు సంక్రమించుట వాడుకయై యుండెను. అట్లే చార్లెసు 12 సంవత్సరముల ప్రాయమున నొక మఠమునకు నామమాత్రాధిపతి యయ్యెను. ఆ ధనము బీదలకు జెందవలసినదిగాని యింటిఖర్చులకు వాడదగినది కాదని యా బాలుడు తండ్రికి వినయముతో విన్నవించెనట. మాటలో గొంత తడబా టుండుటచే తోడివా రతనిని మందబుద్ధిగా నెంచిరి. అయినను పావియా విశ్వవిద్యాలయమున పట్టుదలతో జదివి, నడుమ 1558లో తండ్రి మరణింపగా నింటిభారము మోసియు, 1559వ సంవత్సరమున దేవాలయ ధర్మశాస్త్రమునందును రాజ్య ధర్మశాస్త్రమునందును డాక్టరు పట్టము నొందెను.

ఆ సంవత్సరాంతముననే యతని మేనమామ నాలుగవ పయస్ అను పేర పోపుగారైరి. మేనల్లుని రోమునగరమునకు బిలిపించి, 1560 జనవరిలో కర్దినాలుగ నియమించి, రాజ్యకార్యములను చేతికిచ్చి, మిలాను అగ్రమేత్రాసనపు పాలనమును గూడ నప్పగించిరి. అప్పటికి చార్లెసు వయస్సు 21 సంవత్సరములు. గురుపట్టమైనను పొందియుండలేదు. ఇట్టి నియామకములే యానాటి గొప్ప లోపములలో నొకటి. కాని యీ యువకుడు పదవిని భోగమునకు గాక పనికి వినియోగించెను. చాలకాలముగ నిలిచిపోయిన ట్రెంటు మహాసభ 1562లో మరల గూడి, 1563 డిసెంబరులో ముగిసినది. ఆ రెండు సంవత్సరములును రోమునుండి లేఖలు నడపి, వివాదముల సమాధానపఱచి, సభ ముగియునట్లు చేసినవారిలో నాతడు ముఖ్యుడు.

1562లో నతని యన్నగారు ఫెడెరీగో హఠాత్తుగ మరణించెను. వంశము నిలుపుటకై పదవిని విడిచి వివాహమాడుమని బంధువులు బలవంతపెట్టిరి. చార్లెసు దానికి సమ్మతింపక 1563లో గురుపట్టమును, అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీని మేత్రాణుల యభిషేకమును బొందెను.

మిలాను అగ్రమేత్రాసనమున సుమారు 80 సంవత్సరములుగా నధిపతి కాపురముండలేదు. గురువులలో బలువురు చదువులేనివారు. కొందఱికి తాము జరుపు సంస్కారముల విధియే తెలియదు. ప్రజల జ్ఞానోపదేశమునుగూర్చి వేఱుగ జెప్పనేల? ఈ దుస్థితికి దండనము మందు కాదనియు, విద్యయే మందనియు చార్లెసు గ్రహించెను. ప్రతి మేత్రాసనమునందును గురువిద్యాలయము నెలకొల్పవలెనని ట్రెంటు మహాసభ 1563 జూలైలో శాసించియుండెను. పండ్రెండేండ్లకు దక్కువగాని ప్రాయము గలిగి, చదువను వ్రాయను నేర్చిన బాలురను చేర్చుకొనవలెను. బీదలబిడ్డల కెక్కువ తావీయవలెను. వ్యాకరణము, గానము, పండుగల కాలగణనము, వేదగ్రంథము, సంస్కారముల విధులు నేర్పవలెను. దీనికి గావలసిన ధనమును మఠములయు దేవాలయములయు నాదాయములనుండి భాగముగ దీయవలెను. ఇదియే యా శాసనపు సారాంశము.

శాసనము వ్రాయుట సులభము, నడపుట కష్టము. చార్లెసు 1564లోనే మిలానులో విద్యాలయమును దెఱపించి, మొదట జేసుసభ గురువులకు దాని నప్పగించెను. అందఱి బుద్ధియు నొక్కతీరున నుండదు గనుక వేఱువేఱు విద్యాలయముల నేర్పఱచెను. సూక్ష్మబుద్ధి గలవారు పెద్ద విద్యాలయమున వేదాంతశాస్త్రము పూర్తిగ జదువుదురు. తక్కినవారు వేఱొకచోట విచారణ నడపుటకు ముఖ్యముగ గావలసిన నీతిశాస్త్రమును, సంస్కారవిధులను నేర్చుకొందురు. చిన్నబాలురకు పట్టణము వెలుపల ప్రత్యేకపాఠశాలలుండెను. ఆదాయములో భాగమీయవలసివచ్చినందున గురువులు పలువురు గొణిగిరి. కాని యాయన వెనుదీయలేదు.

1565 సెప్టెంబరులో నాయన మిలానులో బ్రవేశించెను. కొలదికాలములోనే పోపుగారు మరణింపగా, రోములోని రాజకార్యములను విడిచి యచ్చటనే స్థిరపడెను. ఆయన పాలనము మిగుల క్రమబద్ధమైనది. మేత్రాసనమును భాగములుగ విభజించి యొక్కొక్క భాగమునకు నొక్కొక్క పెద్దగురువును నియమించెను. విచారణకర్తలు నియమితకాలమున గూడి తమ పనినిగూర్చి చర్చింపవలెను. జ్ఞానస్నానములును వివాహములును పుస్తకములలో వ్రాయబడవలెను. తానే గుఱ్ఱముమీదను కాలినడకను కొండపల్లెలకు బోయి, దేవాలయములను, లెక్కలను, గురువుల నడవడిని బరీక్షించుచుండెను. మండలసభలు ఆఱును, మేత్రాసనసభలు పదునొకండును జరిపించెను. పాపసంకీర్తనము వినుచోట గురువునకును ప్రజలకును నడుమ జాలకపుటడ్డు నిలుపు పద్ధతిని వ్యాపింపజేసెను. ఆదివారములలో బాలబాలికలకు జ్ఞానోపదేశముతోబాటు చదువుట వ్రాయుట నేర్పు పాఠశాలలు మిలానులో నంతకుముందే యారంభమైయుండెను. చార్లెసు వానిని వందలకొలది పెంచెను.

సంస్కర్తలకు శత్రువులు తప్పరు. ఉమిలియాతి అను మఠసంఘమున సభ్యులు కొలదిమంది. ఆస్తులు మాత్రము మెండు. వారిని క్రమములో బెట్టబోగా, 1569 అక్టోబరు 26వ తేదీ సాయంకాల ప్రార్థనసమయమున వారిలో నొక డాయనపై తుపాకి గాల్చెను. గుండు వీపునకు దగిలియు ప్రాణహాని గలుగలేదు. ఆయన ప్రార్థన ముగియువఱకు గదలలేదని చెప్పుదురు. అపరాధులను క్షమింపవలెనని కోరినను ప్రభుత్వము వారికి మరణదండనము విధించెను. 1571లో నా సంఘము రద్దుచేయబడెను. స్పెయిను రాజు పక్షమున మిలాను నేలుచుండిన గవర్నరులతోడను అధికారవిషయమున నాయనకు పలుమాఱులు వివాదములు గలిగెను.

ఆయన విద్యయు పాలనమును నిక్కముగ బరీక్షింపబడినది 1576వ సంవత్సరమున. ఆ వేసవిలో మిలానులో మహామారి ప్రబలెను. గవర్నరును ధనికులును నగరము విడిచి పాఱిపోయిరి. చార్లెసు మరణశాసనము వ్రాసియుంచి రోగులనడుమ నిలిచెను. తన గురువులను సేవకు బిలిచి, తానే ముందుగ రోగుల గుడిసెలలో బ్రవేశించెను. తన యింటి తెరలను గుడ్డలను కత్తిరించి బీదలకు దుస్తులు కుట్టించెను. వెండిపాత్రలు కరగించి ధాన్యము కొనెను. ఇండ్లలో బంధింపబడినవారు కిటికీలనుండి చూచునట్లు వీథికూడలులలో పీఠము లెత్తించి దివ్యపూజలు జరిపించెను. సుమారు 17,000 మంది మడిసిరి. ఆకలిచే జావవలసిన వా రెందఱో యాయన యేర్పాట్లవలన బ్రదికిరి.

నిజమును దాచుట చరిత్రకు దగదు. ఆయన స్వభావము కఠినమైనది. 1583లో స్విట్జర్లాండులోని మెసోల్చినా లోయను విచారించినపుడు మంత్రగత్తెలను నెపమున బలువురు స్త్రీలు దహింపబడిరి. ఆ కాలపు మూఢత్వము నాయనయు దాటలేకపోయెను. గొప్పవారి సుగుణముల నేర్చుకొనుచు వారి లోపములను గుర్తించుటయు మనకు వివేకమే.

నిరంతరశ్రమచేతను కఠోరవ్రతములచేతను శరీరము కృశింపగా, జ్వరపీడితుడై 1584 నవంబరు 3వ తేదీ రాత్రి తన 46వ యేట నాయన మిలానులో బరమపదించెను. 1610లో అర్చ్యశిష్టుల కోవలో జేర్చబడెను. అరోనాలో 1698లో నిలుపబడిన యాయన విగ్రహము పీఠముతో గూడ సుమారు 35 మీటర్ల యెత్తున సరస్సుపై కానవచ్చును. పావియాలో 1561లో నాయన స్థాపించిన విద్యార్థిగృహము నేటికిని నడుచుచున్నది.

కాని యా విగ్రహమునకంటె గొప్ప జ్ఞాపకచిహ్న మొకటి గలదు. ప్రజలను నడపబోవువాడు ముందు నియమముతో జదువవలెను, పరీక్షింపబడవలెను, తరువాతనే పదవి నందవలెను అను పద్ధతి లోకమంతట వ్యాపించెను. మన తెలుగు మేత్రాసనములలో గురుపట్టము గోరువారు సంవత్సరములకొలది గురువిద్యాలయములలో జదువుటయు నా పద్ధతి ఫలమే. బాలురారా! బాలికలారా! మీలో గొందఱు వైద్యులు, కొందఱుపాధ్యాయులు, కొందఱధికారులు గాగలరు. మీకు పదవి యెవరిచ్చినను, మీ చేతిక్రింద నుండువారికి మేలు చేయుటకు వలసిన నేర్పును మీరే సంపాదించుకొనవలెను. మాట తడబడిన యా బాలు డొక మహానగరమునకు దిక్కైన చరిత్ర మిందుకు దృష్టాంతము.