మట్టిలో కార్లను మలచినవాడు: హార్లీ ఎర్ల్

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవారికి మట్టిని గూర్చి కొత్తగా చెప్పవలసినది లేదు. వరద తగ్గిన పిమ్మట లంకలలో మిగిలే ఒండ్రుమట్టి పైరుకు ప్రాణం. అదే మట్టి కుమ్మరి సారె మీద కుండ, బట్టీలో ఇటుక, పసివాని చేతిలో బండి. చిన్ననాడు మట్టిబండ్లు చేయనివారు మనలో అరుదు. అయితే ఆ ఆటను విడువక, దానినే వృత్తిగా చేసుకొని, ఒక దేశపు రహదారుల మీద తిరిగే వాహనాల రూపాన్ని మూడు దశాబ్దాలపాటు శాసించిన వ్యక్తి ఒకడు అమెరికాలో ఉండేవాడు. ఆయన పేరు హార్లీ ఎర్ల్. ఆయన గతించి అర్ధశతాబ్ది దాటింది. మోటారు కార్ల చరిత్ర చదివేవారికి ఆ పేరు సుపరిచితం. చదవనివారు కూడ వెనుక భాగాన విమానపు రెక్కల వంటివి మొలచిన ఆ పొడవాటి అమెరికా కార్లను ఏదో ఒక చలనచిత్రంలోనో, బొమ్మల దుకాణంలోనో చూచియే ఉంటారు.

ఈ జీవితాన్ని మా సంచికకు వ్రాయ సంకల్పించడానికి కారణం మా చేతకానితనమే. మాలో కొందరం 1959 నాటి కాడిలాక్ కారుకు ఇరవైఅయిదవ వంతు ప్రమాణంలో ఒక నమూనా చేయబూనాము. అసలు కారు పొడవు 225 అంగుళాలు. కనుక నమూనా 9 అంగుళాలు. లెక్క చక్కగా కుదిరింది. పని మాత్రం కుదరలేదు. ఏటిగట్టు నుండి తెచ్చిన బంకమట్టితో చేసిన కారు నీడన ఆరుతూనే నెర్రెలు విచ్చింది, తోకరెక్కలు రెండూ మొదలంటా విరిగిపడ్డాయి. అసలు కారుకు ఈ రెక్కలెందుకు, వీటిని పెట్టినవాడెవడు అన్న విసుగుతోనే మా పఠనం ప్రారంభమైంది.

ఎర్ల్ 1893వ సంవత్సరం నవంబరు 22వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఆనుకొని ఉన్న హాలీవుడ్‌లో జన్మించాడు. అప్పటికింకా అది చలనచిత్రాల ఊరు కాదు. తండ్రి గుర్రపుబగ్గీలు తయారుచేసేవాడు. మోటారు కార్లు రాగానే ఆయన కాలాన్ని గ్రహించి, 1908లో తన కార్ఖానాను కార్లకు బాడీలు కట్టే కార్ఖానాగా మార్చాడు. ఆ రోజులలో ధనవంతులు ఇంజనుతో కూడిన ఛాసిస్ మాత్రమే కొని, బాడీని తమ అభిరుచి ప్రకారం వేరుగా కట్టించుకొనేవారు. విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీ కట్టడం చూచినవారికి ఈ పద్ధతిని వివరించనక్కరలేదు.

బాలుడైన ఎర్ల్ ఒక వేసవిలో కుటుంబంతో కొండప్రాంతానికి వెళ్లినప్పుడు, కుండపోతగా వానలు కురిసి అక్కడి నేల మెత్తని బంకమట్టి అయిందనీ, సోదరునితో కలసి ఆ మట్టితో చిన్న చిన్న కార్లను మలచాడనీ ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. నిజమెంతో గాని, కథ మాకు ప్రియమైనది. తరువాత ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు; చదువు పూర్తిచేయక తండ్రి కార్ఖానాకే తిరిగి వచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక ముందుకు సాగలేము. అదే 1893లో, కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, ఒక తెలుగు కుటుంబంలో జి. డి. నాయుడు జన్మించాడు. ఆయన కూడ యంత్రాల మీది మోజుతో బడిచదువు వదలినవాడే. బస్సుల వ్యాపారంతో పైకి వచ్చి, ఎన్నో యంత్రాలను స్వయంగా నిర్మించి, 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారుచేయించాడు. దాని ధర రెండువేల రూపాయలు. ప్రభుత్వపు లైసెన్సు లభించక ఆ కారు ఉత్పత్తి నిలిచిపోయింది. ఒకే ఏట పుట్టిన ఈ ఇద్దరిలో ఒకరు కారును చౌకగా అందించదలచారు. రెండవవారు కారును చూచినవాని కోరికను పెంచదలచారు. ప్రపంచం ఎవరి వెంట నడిచిందో వేరుగా చెప్పనక్కరలేదు.

హాలీవుడ్ చలనచిత్ర నగరమైన కొలదీ ఎర్ల్‌ల కార్ఖానాకు తారల రాక పెరిగింది. ఫ్యాటీ అర్బకుల్, టామ్ మిక్స్ మున్నగు నటులు అక్కడ కార్లు కట్టించుకొన్నారు. 1919లో డాన్ లీ అనే కాడిలాక్ వ్యాపారి ఆ కార్ఖానాను కొని, ఎర్ల్‌ను దానికి పెద్దగా ఉంచాడు. డాన్ లీ వద్దకు వచ్చిన కాడిలాక్ శాఖాధిపతి లారెన్స్ ఫిషర్ అక్కడ ఒక విచిత్రం చూచాడు. అప్పటి రూపకర్తలు చెక్కను, రేకును కొట్టి ఆకృతిని వెతుక్కుంటూ ఉండగా, ఎర్ల్ మాత్రం మొత్తం కారును మట్టిలో మలచి చూపుతున్నాడు. చెక్కకు వంపు తీయడం కష్టం, తీసిన వంపును మార్చడం మరింత కష్టం. మట్టిని గీకవచ్చు, మరల అద్దవచ్చు. ముందు అద్దం నుండి వెనుక చక్రం వరకు రేఖ తెగకుండా పారించవచ్చు. కారును అతుకుల మూటగా కాక ఏకశిలగా చూడగలగడం ఆ మట్టి నేర్పిన విద్య.

ఫిషర్ ఆయనను డెట్రాయిట్ పిలిపించి లసాల్ అనే కొత్త కారుకు రూపకల్పన అప్పగించాడు. 1927 మార్చిలో లసాల్ వెలువడింది. అదే సంవత్సరం మే మాసంలో హెన్రీ ఫోర్డు తన మోడల్-టి కారును ఆపివేశాడు. కోటిన్నర కార్లు ఒకే రూపంలో, చాలాకాలం ఒకే నలుపు రంగులో అమ్మినవాడు ఫోర్డు. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఆలోచన దీనికి విరుద్ధం. కారు ఉన్నవాడు మరల కారు కొనాలంటే, అతని కారు చెడిపోనక్కరలేదు, పాతదిగా కనబడితే చాలునని ఆయన గ్రహించాడు. ఏటేటా కొద్ది మార్పు, కొన్నేళ్లకొకసారి పెద్ద మార్పు. ఆ పనికై 1927లోనే సుమారు యాభైమందితో కళా-వర్ణ శాఖ అనే కొత్త విభాగాన్ని నెలకొల్పి ఎర్ల్‌ను దానికి అధిపతిని చేశాడు. ఇంజనీర్లు దానిని అందాలశాల అని వెక్కిరించారట!

వెక్కిరింతకు త్వరలోనే అవకాశం దొరికింది. 1929 నాటి బ్యూక్ కారు పక్కలను ఎర్ల్ కిటికీల దిగువన స్వల్పంగా ఉబికి ఉండేటట్లు దిద్దాడు. మట్టి నమూనాలో అది ముచ్చటగానే ఉన్నది. కార్ఖానావారు తమ సౌకర్యం కొరకు పక్కరేకులను అడుగున లోనికి లాగి, ఎత్తును అయిదు అంగుళాలు పెంచారని ఎర్ల్ తరువాత చెప్పుకొన్నాడు. ఫలితంగా వచ్చిన కారును జనం గర్భిణి బ్యూక్ అని పిలిచారు, అమ్మకాలు పడిపోయాయి. మా చెక్కు చూచిన తరువాత ఈ సంఘటన మమ్ములను మిక్కిలి ఆకర్షించింది. నమూనాలో వెంట్రుకవాసి తేడా అసలు కారులో చేతివెడల్పు అవుతుంది. ఆ దెబ్బతో ఎర్ల్ ఒక పట్టు పట్టాడు: తన శాఖ ఒప్పుకొన్న మట్టిరూపం నుండి కార్ఖానా తొలగరాదు. 1937లో శాఖ పేరు స్టైలింగ్ విభాగంగా మారింది. 1940లో ఎర్ల్ సంస్థకు ఉపాధ్యక్షుడైనాడు. రూపకర్త ఒకడు అంత పెద్ద సంస్థలో ఆ పదవికి ఎక్కడం అంతకుముందు లేదు.

ఆ శాఖలో పని నడిచే తీరు వర్ణింపదగినది. ముందు బొమ్మలు గీస్తారు. నచ్చినదానిని చిన్న ప్రమాణంలో మలుస్తారు. ఆపై చెక్కతో చట్రం కట్టి, దానిపై మట్టిని పట్టించి, కారును పూర్తి పరిమాణంలో నిలబెడతారు. ఈ మట్టి మన ఏటిమట్టి కాదు. నీటికి బదులు నూనె, మైనం, గంధకం కలిపిన మట్టి. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఆరదు కనుక పగలదు. మా కాడిలాక్ ఎందుకు పగిలిందో ఇది చదివిన నాడు తెలిసింది. నీరు ఆవిరైన కొలదీ ఒండ్రుమట్టి కుంచించుకొని పోతుంది. పలుచని రెక్క ముందుగా ఆరి, మందమైన ఒడలు తరువాత ఆరి, రెండింటి నడుమ తెగుతుంది. డెట్రాయిట్‌లో మట్టి మీద రంగుపొరను అంటించి, క్రోమియానికి బదులు వెండి తళుకు రేకు అతికి, అది లోహపు కారేనని భ్రమ కలిగేటట్లు నిలబెట్టేవారు.

ఎర్ల్ స్వయంగా గీయడం, మలచడం అరుదని ఆయన వద్ద పనిచేసినవారే చెప్పారు. ఆరడుగులు మించిన మనిషి. కుర్చీలో కూర్చుండి, ఈ రేఖ ఎత్తు, ఆ అంచు దించు అని ఆజ్ఞాపించేవాడు. ఆయన ధ్యేయం ఒక్కటే: కారు పొడవుగా, నేలకు దగ్గరగా కనబడాలి. కోపిష్ఠి. ఆయన రాక వింటే శాఖ అంతా వణికేదట. అందుచేత ఈ వ్యాసపు శీర్షిక కొంత అన్యాయమే. మట్టిని మలచిన చేతులు వేరు. వాటిలో అనేకం పేరు లేనివి.

1938లో ఆయన బ్యూక్ వై-జాబ్ అనే కారును చేయించాడు. అమ్మడానికి కాదు, రాబోయే రూపాన్ని పరీక్షించడానికి. దీపాలు మూతల వెనుక దాగి ఉంటాయి, అద్దాలు విద్యుత్తుతో లేస్తాయి. దానిని ఆయన ఏళ్ల తరబడి సొంతంగా నడిపాడు. యుద్ధకాలంలో, 1941లో, డెట్రాయిట్ సమీపంలోని సెల్‌ఫ్రిడ్జ్ విమానాశ్రయంలో జంటతోకల పి-38 యుద్ధవిమానాన్ని తన శాఖవారికి చూపించాడు. ఆ తోకలు 1948 నాటి కాడిలాక్ వెనుక చిన్న మొలకలై కనబడ్డాయి. వాటిని దిద్దిన గౌరవం ఫ్రాంక్ హెర్షీకి చెందుతుంది. ఆ మొలకలే ఏటేటా పెరిగి 1959 నాటికి మా చేతులు విరగగొట్టిన రెక్కలైనాయి. 1953లో నారగాజుతో బాడీ చేసిన కొర్వెట్ కారు కూడ ఎర్ల్ ప్రోత్సాహంతో వచ్చినదే. ఆ మొదటి ఏడు 300 కార్లే తయారైనాయి.

ఇదంతా సప్తసముద్రాల ఆవలి సంగతి అనుకొనరాదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కూర్పు కార్ఖానా పెట్టి 1954 వరకు నడిపింది. ఎర్ల్ శాఖలో రూపొందిన షెవ్రొలేలు పెట్టెలలో విడిభాగాలుగా వచ్చి, ఇక్కడ కూర్పబడి, మన దేశపు దుమ్ముదారులలో తిరిగాయి.

విద్యార్థులమైన మాకు అన్నింటికంటె విలువైనదిగా తోచినది మరొకటి. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ శాఖ 1930 నుండి 1968 వరకు బాలురకు నమూనాల పోటీ నిర్వహించింది. తొలుత నెపోలియన్ కాలపు రాజశకటానికి నమూనా చేయవలసి ఉండేది. 1937 నుండి స్వంత ఊహతో కారును రూపొందించే విభాగం చేరింది. పల్లెటూరి కుర్రవాడు ఇంటి వెనుక కొట్టంలో నెలల తరబడి చెక్కను చెక్కి, నునుపుచేసి, పెట్టెలో పెట్టి పంపేవాడు. గెలిచినవారికి కళాశాల చదువుకు ధనసహాయం. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ తరువాత అదే సంస్థలో చేరాడు. 1986లో ఎర్ల్ స్థాపించిన శాఖకే అధిపతి అయ్యాడు. మరొకవైపు ఏఎమ్‌టి వంటి సంస్థలు ప్రతి ఏటి కారుకూ ఇరవైఅయిదవ వంతు ప్లాస్టిక్ నమూనాలు చేసి, మొదట కార్ల దుకాణాలకు, 1958 నుండి విడిభాగాల పెట్టెలుగా పిల్లలకు అమ్మాయి. ఏటేటా రూపం మారడమే ఆ పిల్లలకు పంచాంగం. రెక్క ఎత్తు చూచి సంవత్సరం చెప్పగలిగేవారు.

అయితే ఆ మార్పే ఎర్ల్‌ను కూడ పాతబరచింది. 1956లో ఆయన ఐరోపా పర్యటనలో ఉండగా, జోర్డాన్ ఒకనాడు క్రైస్లర్ సంస్థ ఆవరణలో కంచె అవతల నిలిపియున్న కొత్త కార్లను చూచాడు. పలుచని పైకప్పు, తేలికైన రేఖలు. తమ బల్లల మీది బరువైన మట్టిరూపాలు ఒక్కసారిగా ముసలివైపోయాయి. శాఖలోని యువకులు పెద్దాయన లేని వేళ కొత్త నమూనాలు ప్రారంభించారు. తిరిగి వచ్చిన ఎర్ల్ ఏమీ అనక ఆ మార్గాన్ని అంగీకరించాడు. తన సూత్రానికి తానే లోబడవలసి వచ్చిన ఆ గడియ ఆయన జీవితంలో అన్నింటికంటె గంభీరమైనదని మా అభిప్రాయం. 1958 డిసెంబరులో ఆయన పదవీవిరమణ చేశాడు. తరువాత వచ్చిన విమర్శలు తక్కువ కావు. 1965లో రాల్ఫ్ నాదర్ తన గ్రంథంలో, వాడి అయిన ఆ రెక్కలు పాదచారులకు గాయాలు చేస్తున్నాయని చూపాడు. అందం కొరకు పెట్టినది ఒంటికి గుచ్చుకొన్నప్పుడు దానిని అందమని సమర్థించడం మాకు చేతకాదు. అట్లని సామాన్యుని కారుకు కూడ ఒక రూపం, ఒక రంగు ఉండవచ్చునని నిరూపించినవాని ఋణాన్ని కాదనలేము.

1969 ఏప్రిల్ 10న ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో ఎర్ల్ మరణించాడు. బాలుర పోటీ అంతకు ముందటి ఏడే ఆగిపోయింది. ఆయన వై-జాబ్‌ను జనరల్ మోటార్స్ భద్రపరచింది.

మేము రెండవ కాడిలాక్‌ను కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్రతో చేశాము. పోలికకై పక్కనే అదే ప్రమాణంలో ఒక అంబాసిడర్‌ను కూడ నిలిపాము. 1957లో మొదలై 2014లో ఆగిపోయిన ఆ కారు, అర్ధశతాబ్దికి పైగా దాదాపు ఒకే రూపంతో మన డెల్టా పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, టాక్సీ స్టాండులకు సేవ చేసింది. అసలు పొడవు సుమారు 170 అంగుళాలు. నమూనా ఏడు అంగుళాలకు కొంచెం తక్కువ. దానిని చెక్కడం ఒక వారంలో ముగిసింది. కాడిలాక్‌కు రెండు మాసాలు పట్టింది. ఇప్పటికీ ఎడమ రెక్క కుడిదానికంటె ఒక నూలువాసి ఎత్తుగా ఉన్నది. గరుకుకాగితంతో ఇంకా దించవలసి ఉన్నది.