స్వస్థత కలుగని దైవసేవకుడు: ఫాక్సు దొరగారు

హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారు 1841లో రాబర్టు నోబులు గారితో బందరు వచ్చిరి. తెలుగు నేర్చుకొని సువార్త ప్రకటించిరి. 1845లో భార్య మరణించగా, తల్లిలేని బిడ్డలను ఇంగ్లండులో విడిచి మరల బందరుకే వచ్చిరి. 1848లో ఆరోగ్యము చెడి స్వదేశము వెళ్లి, 31 ఏండ్లకే ప్రభువునందు నిద్రించిరి. నోబులు గారైతే 1865 వరకు సేవచేసిరి.

రోగి కోలుకొనకపోతే విశ్వాసము చాలలేదనుట తిరువూరులో మేమును వినుచున్నాము. ఆ మాట ఫాక్సు దొరగారి పడకయొద్ద అనగలమా? మందు మానక, స్వస్థత నిమ్మని ధైర్యముగా అడుగుదము. అడిగిన పిమ్మట తండ్రి చిత్తమునకు అప్పగించుట అవిశ్వాసము కాదు. గెత్సెమనేలో ప్రభువే అట్లు ప్రార్థించెను.

ఫాక్సుగారు చదివిన రగ్బీ పాఠశాలవారు, ఆయన జ్ఞాపకార్థము నోబులుగారి బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయ పదవిని నెలకొల్పిరి.