సవరల పంతులు గారు – గిడుగు రామమూర్తి

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడి గురువుల గురించి మిత్రులు చాలామంది రాస్తున్నారు. వాళ్లకన్నా బాగా నేను రాయలేను. అందుకని మనలో ఎవ్వరికీ పాఠం చెప్పని ఒక పంతులు గారి గురించి రాస్తానని సంపాదకవర్గం వారికి ముందే చెప్పాను. ఆయన గిడుగు వేంకట రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ఆయన ఫోటోకు దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని నాలుగు మాటలు చెప్పుకొని ఇంటికి పోతాం. చెప్పుకునేది నిజమే గానీ, అది ఆయన చేసిన పనిలో సగం. నన్నడిగితే రెండో సగమే పెద్దది.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో విషజ్వరంతో చనిపోయారు. పిల్లవాడు విశాఖపట్నంలో మేనమామ గారింట్లో ఉండి చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజా వారి బడిలో టీచరు ఉద్యోగం, నెలకు 30 రూపాయల జీతం. పై చదువులు ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా కట్టి పూర్తి చేశారు. చెప్పేది చరిత్ర పాఠం కాబట్టి ముఖలింగం గుడి శాసనాలు చదవాలని పాత లిపులు కూడా తనంతట తానే నేర్చుకున్నారు.

మనకు నల్లమల అంచున దోర్నాల ఎట్లాగో, తూర్పు కనుమల అంచున పర్లాకిమిడి అట్లాంటి ఊరు. చుట్టుపక్కల కొండల మీద సవరలు ఉంటారు. వాళ్ల భాష తెలుగుకూ చుట్టం కాదు, ఒడియాకూ కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. అప్పట్లో దానికి రాత లేదు. సంతలోనైనా కచేరీలోనైనా సవరలు తమ మాట చెప్పుకోవాలంటే మధ్యవర్తుల మీద ఆధారపడాల్సిందే. బడిలో పిల్లవాడికి ఆ మధ్యవర్తి కూడా ఉండడు. పంతులు తెలుగులోనో ఒడియాలోనో చెబుతాడు, పిల్లవాడు నోరు తెరుచుకొని చూస్తాడు. అక్షరం దిద్దడం వస్తుంది, దాని వెనక మాట రాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లెక్కలంటే ఇష్టం ఉన్నవాణ్ని కాబట్టి ఇది నాకు బాగా పట్టింది. సవరలు మనలాగా పది పదులుగా లెక్కపెట్టరు. పన్నెండు దాకా ఒక వరస. ఆ తర్వాత పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటూ ఇరవై దాకా పోతారు. అక్కణ్నుంచి ఇరవైల లెక్క. 93 చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి అంటారు. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఈ లెక్క తలలో ఉన్న పిల్లవాణ్ని ఎక్కాలు రానివాడని బెంచీ ఎక్కిస్తే తప్పు ఎవరిది?

రామమూర్తి గారు ఏం చేశారంటే, ముందు తానే విద్యార్థి అయ్యారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం, పందొమ్మిదో శతాబ్దం, పైగా రాజా వారి బడి పంతులు. ఆ రోజుల్లో అది ఎంత మాటో మన పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది. తర్వాత తెలుగు లిపిలోనే సవర వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. తెలుగు వాచకాన్ని సవరలోకి దించి ఊరుకోలేదు. వాళ్ల కథలనూ వాళ్ల పాటలనూ పాఠంలోకి తెచ్చారు. తెలుగు – సవర, సవర – తెలుగు పదకోశాలు రాశారు. అంటే దారి రెండువైపులా వేశారు, కొండవాడు దిగడానికీ, మైదానం వాడు ఎక్కడానికీ.

పుస్తకాలుంటే చాలదు గదా. సవర బడులు పెట్టారు, పంతుళ్లను తయారుచేశారు, వాళ్ల జీతాలు సొంత డబ్బుతో ఇచ్చారు. సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టండి, నడిపే పని నేను చూస్తానని చెప్పారు. 1913లో రావు బహద్దూర్ బిరుదు ఇచ్చారు. దాని కన్నా ఆ బడే ఆయనకు ఇష్టమై ఉంటుందని నా ఊహ.

ఈ తిరుగుడుకు ఆయన చెల్లించిన ధర మాత్రం ఎక్కువ. కొండల్లో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. భాషలే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఏమిటో ఊహించుకోండి. పని మాత్రం ఆగలేదు. పెద్ద కుమారుడు సీతాపతి గారు కూడా సవర నేర్చుకొని తండ్రికి తోడయ్యారు.

మనందరికీ తెలిసిన వాడుక భాష ఉద్యమం దీని తర్వాతది. 1907 ప్రాంతంలో ఏట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల తనిఖీ అధికారిగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ఆయన వేసిన ప్రశ్న రామమూర్తి గారిని కదిలించింది. అప్పటికే సవర పిల్లల కష్టం చూసిన మనిషికి, తెలుగు పిల్లవాడికి కూడా బడి తెలుగు పరాయి భాషే అని అర్థం కావడం కష్టమేమీ కాదు. 1911లో ఉద్యోగం మానుకొని పూర్తిగా దీంట్లోకి దిగారు. గురజాడ వారు, ఏట్స్, శ్రీనివాస అయ్యంగారు ఒకవైపు. జయంతి రామయ్య పంతులు గారి వంటి పండితులు మరోవైపు. 1919లో తెలుగు అనే పత్రిక కూడా నడిపారు. ఆ కథ అన్ని పుస్తకాల్లోనూ ఉంది, నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

నేను సైటు మీద పనిచేసే మనిషిని. ఒడిశా నుంచి, బీహారు నుంచి కూలీలు వస్తారు. ఆగు, జరుగు, పైన చూడు – ఈ మూడు మాటలు వాళ్ల భాషలో మేస్త్రీకి వస్తే ప్రమాదాలు తగ్గుతాయి. ఇది పుస్తకంలో చదివింది కాదు. రామమూర్తి గారు నలభై ఏళ్లకు పైగా చేసింది కూడా, ఎంతో పెద్ద ఎత్తున, ఇదే.

1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అట్లా కలపవద్దని గట్టిగా వాదించిన ఆయన, కలిసిన రోజునే యాభై ఏళ్లకు పైబడి ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. విచిత్రమేమంటే అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. రామమూర్తి గారు తెలుగు అక్షరాల్లో రాసిన భాషను సవరలే తమ అక్షరాల్లో రాసుకోవడం మొదలైంది. 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మన వైపు గూడేల్లో చెంచులు తెలుగే మాట్లాడతారు. కానీ తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. మన రోజుల్లో ఏ వాచకంలోనూ వాళ్ల మాట ఒక్కటి కూడా ఉండేది కాదు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మొదటి తరగతి నుంచి తల్లిభాషలో చెప్పే పని మొదలుపెట్టి ఎనిమిది భాషలను ఎంచుకుంది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, రామమూర్తి గారి సవర. ఎనిమిదోది మన తండాల లంబాడీ.