ఆమెకు పై మెట్టు ఎక్కడ?

అంబేడ్కర్ జీవితాన్ని మనం సాధారణంగా ఉద్యమాల వరుసలో చెప్పుకుంటాం. మహాడ్ చెరువు, పూనా ఒడంబడిక, రాజ్యాంగ రచన, నాగపూర్ దీక్ష. అర్థశాస్త్రం బోధించే నాకు ఆ జీవితాన్ని మరో వరుసలో, ఆయన చూసిన పనిచోట్ల వరుసలో చదవడం అలవాటు. అలా చదివినప్పుడు ఒకే ప్రశ్న పదే పదే ఎదురవుతుంది. ఒక పనిచోట ఎవరు ఏ గదిలోకి అడుగుపెట్టవచ్చో, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? యాదాద్రి భువనగిరి జిల్లాలో మగ్గాల పక్కన, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న స్త్రీల ఎదుగుదల గురించి మాట్లాడాలంటే ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

1891 ఏప్రిల్ 14న మహూలో సైనికోద్యోగి ఇంట పుట్టిన భీమరావు, హైస్కూలు చదువు నాటికి కుటుంబంతో పాటు బొంబాయిలోని పరేల్‌కు చేరాడు. అది బట్టల మిల్లుల పేట. కార్మికులు ఉండే చాల్‌లో ఒక్క గది. వంట, నిద్ర, చదువు అన్నీ అందులోనే. విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన తర్వాత కూడా ఆయన చాలా ఏళ్లు పరేల్ చాల్‌లోనే నివసించారు. కార్మికుల బతుకు ఆయనకు నివేదికల ద్వారా తెలిసింది కాదు. గోడ అవతల వినిపించిన బతుకు అది.

బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1917లో తిరిగి వచ్చి, ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానం కొలువులో చేరారు. ఆ ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను చేతికి ఇవ్వకుండా బల్ల మీదికి విసిరేవారు. తాగడానికి నీళ్లు దొరికేవి కావు. ఊళ్లో అద్దెకు ఇల్లు ఇచ్చేవారు లేరు. ఒక పార్సీ సత్రంలో మారుపేరుతో తలదాచుకుంటే, విషయం తెలిసిన గుంపు కర్రలతో వచ్చి వెళ్లగొట్టింది. కొద్ది రోజులకే ఆయన ఆ ఉద్యోగాన్ని వదిలి బొంబాయికి వచ్చేశారు. 1918లో సిడెన్‌హాం కళాశాలలో ఆచార్యుడిగా చేరినప్పుడు కూడా, అధ్యాపకుల గదిలోని నీళ్లకుండను ఆయన తాకడానికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. అర్హతకు లోటు లేదు, నియామకానికీ లోటు లేదు. లోటంతా పనిచోటు నడవడిలోనే ఉంది. ఈ రోజు పనిచోటు సంస్కృతి అని మనం పిలుస్తున్న దాని బరువు ఎంతో ఆయనకు ఇరవై ఆరేళ్ల వయసులోనే తెలిసింది.

అదే అనుభవాన్ని ఆయన బొంబాయి మిల్లుల్లో సామూహిక రూపంలో చూశారు. మిల్లులో కూలి ఎక్కువ వచ్చేది నేత విభాగంలో. అంటరాని కులాల కార్మికులకు ఆ విభాగంలోకి ప్రవేశం ఉండేది కాదు. కారణం ఒక చిన్న పనిలో ఉంది. నాడెలో కండె మార్చినప్పుడల్లా దారం కొసను నాడె రంధ్రం గుండా నోటితో పీల్చి బయటికి తీయాలి. ఒకరు నోరు పెట్టిన నాడెను ఇంకొకరు ముట్టాల్సి వస్తుంది కాబట్టి, అంటరానివారు ఆ గదిలో ఉండడానికి వీల్లేదని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు. యజమాని రాసిపెట్టిన నిబంధన ఏదీ లేదు. పక్కన పనిచేసే తోటి కార్మికుడే తలుపుకు గడియ పెట్టాడు. 1928 నాటి పెద్ద సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందుంచి, నేత విభాగంలో ప్రవేశాన్ని కూడా కోర్కెల జాబితాలో చేర్చాలని పట్టుబట్టారు. కులం శ్రమను మాత్రమే విభజించలేదు, శ్రామికులనే మెట్లు మెట్లుగా విడదీసిందని 1936లో ఆయన చేసిన సూత్రీకరణకు మూలాలు ఈ నేత గదిలో కనిపిస్తాయి.

అవే మిల్లుల్లో స్త్రీలు ఎక్కువగా దారం చుట్టే విభాగాల్లో ఉండేవారు. మగ్గం పురుషుడిది, చుట్టుడు స్త్రీది. 1928లో బొంబాయి శాసన మండలి ముందుకు ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని గట్టిగా సమర్థించారు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమని, ఆ ఖర్చును ప్రభుత్వంతో పాటు ఆమె శ్రమతో లాభం పొందే యజమాని కూడా భరించడం న్యాయమని వాదించారు. ఆ మరుసటి ఏడాది అది బొంబాయి రాష్ట్రంలో చట్టమైంది.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన అణగారిన తరగతుల రైల్వే కార్మికుల సదస్సులో ఆయన పదోన్నతి ప్రశ్నను సూటిగా ఎత్తారు. రైల్వేలో అంటరానివారికి పని దొరుకుతోంది. అయితే పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేరినవాడు గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడవుతున్నాడు. పై ఉద్యోగాల దారి అతనికి మూసి ఉంది. కార్మికులకు పెట్టుబడిదారీ విధానంతో పాటు బ్రాహ్మణవాదం కూడా శత్రువేనని ఆయన ఆ వేదిక మీద ప్రకటించారు. ఆ రెంటిలో ఒకదాన్ని మాత్రమే చూసే కార్మికోద్యమం సగం కార్మికులను వదిలేస్తుందన్నది ఆయన హెచ్చరిక.

1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అణగారిన తరగతుల మహిళా సదస్సును మన చరిత్ర పుస్తకాలు దాదాపు మరిచిపోయాయి. వేలాది దళిత స్త్రీలు హాజరైన ఆ సభకు సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించారు. మిల్లులు, బీడీ కార్ఖానాలు, మున్సిపాలిటీలు, రైల్వేలలో పనిచేసే స్త్రీలకు ఏటా 21 రోజుల సాధారణ సెలవు, పనిలో గాయపడితే పరిహారం, 20 ఏళ్ల సేవ తర్వాత పింఛను ఇవ్వాలని వారు తీర్మానించారు. మిల్లుల్లో స్త్రీలు పనిచేసే చోట్ల స్త్రీలనే పర్యవేక్షకులుగా నియమించాలని కూడా కోరారు. ఎనభై ఏళ్ల కిందటే వారు కూలి దగ్గర ఆగకుండా అజమాయిషీ స్థానాన్ని అడిగారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

అదే నెలలో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. 1946 వరకు సాగిన ఆ నాలుగేళ్ల పని ఆయన జీవిత చరిత్రల్లో కొద్ది పేజీలకే పరిమితమవుతుంది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సదస్సుల సంప్రదాయం ఆ కాలంలో స్థిరపడింది. ఫ్యాక్టరీ కార్మికులకు వేతనంతో కూడిన సెలవుల చట్టం 1945లో వచ్చింది. వారానికి 54 గంటలున్న పనివేళలు 1946లో 48కి తగ్గాయి. తర్వాత ఈఎస్ఐగా రూపుదిద్దుకున్న ఆరోగ్య బీమా పథకానికి అధ్యయనం కూడా అప్పుడే జరిగింది. గనుల ప్రసూతి చట్టాన్ని సవరించి భూగర్భంలో పనిచేసే స్త్రీలకు విశ్రాంతి కాలాన్ని పెంచారు. గనుల దగ్గర పసిపిల్లల సంరక్షణ గదులకు చట్టబద్ధత తెచ్చారు.

ఈ కాలంలోనే ఆయన తీవ్ర విమర్శనూ ఎదుర్కొన్నారు. భూగర్భ బొగ్గు గనుల్లో స్త్రీల పనిపై 1937 నుంచి అమల్లో ఉన్న నిషేధాన్ని యుద్ధ అవసరాల పేరుతో ప్రభుత్వం 1943లో ఎత్తివేసింది. మహిళా సంఘాలు దీన్ని ఖండించాయి. ఇది తాత్కాలికమేనని, ఈ గనుల్లో స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అమలవుతోందని ఆయన శాసనసభలో సమాధానమిచ్చారు. 1946లో నిషేధం తిరిగి వచ్చింది. నా దృష్టిలో ఆ విమర్శ న్యాయమైనదే. భద్రత లేని చోటికి అనుమతి ఇవ్వడం ఎదుగుదల కాదు. అయినా సమాన వేతన సూత్రాన్ని ఆ సందర్భంలో కూడా ఆయన వదల్లేదు. తర్వాత రాజ్యాంగంలోని 39, 42 అధికరణలలో సమాన వేతనం, మానవీయమైన పని పరిస్థితులు, ప్రసూతి సహాయం ఆదేశిక సూత్రాలుగా చోటు చేసుకున్నాయి.

ఆ నాలుగేళ్లలో భువనగిరి ఎక్కడుంది? నిజాం సంస్థానంలో ఉంది. బ్రిటిష్ ఇండియా కార్మిక చట్టాలు ఇక్కడికి రావు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ఇదే భువనగిరిలో జరిగినప్పుడు ఇక్కడి పల్లెల ప్రధాన సమస్య వెట్టి. అక్కడ స్త్రీ కూలి ఎంత ఉండాలన్న చర్చ నడుస్తుంటే, ఇక్కడ దొర గడీలో సేవక కులాల స్త్రీ చేసే పనికి కూలి అన్న మాటే లేదు. ఆమె శ్రమ కులం మీద పడిన బాకీగా చెల్లిపోయేది. వెట్టి పోయింది. స్త్రీ శ్రమను లెక్కలోకి రాని సేవగా చూసే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

దానికి సాక్ష్యం పోచంపల్లి చీరలోనే ఉంది. చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం గురించి ప్రపంచానికి తెలుసు. మగ్గం ఎక్కే ముందు కండెలు చుట్టడం, ఆసు పోయడం ఎక్కువగా స్త్రీల పని. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు 9 వేల సార్లు ముందుకూ వెనక్కూ కదలాలి. ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూసి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక కొడుకు చూసిన దాన్ని అన్నేళ్లుగా ఏ శాఖా ఉత్పత్తి సమస్యగా చూడలేదన్నది మనం ఆలోచించవలసిన సంగతి. 2019-20 నాటి జాతీయ చేనేత గణన ప్రకారం చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా స్త్రీలే. చాలా ఇళ్లలో మగ్గం, సంఘ సభ్యత్వం, బ్యాంకు ఖాతా మాత్రం పురుషుడి పేరునే నడుస్తాయి. కులవృత్తి అన్నప్పుడు మనకు కనిపించేది మగ్గం మీద కూర్చున్న మగవాడు. పక్కన ఉన్న ఆమె సాయం చేసే మనిషి. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందుకు 1951లో అంబేడ్కర్ మంత్రి పదవినే వదులుకున్నారు. స్త్రీకి ఆస్తిలో హక్కు లేకుండా మిగతా హక్కులు నిలబడవని ఆయనకు తెలుసు. మగ్గం కూడా ఆస్తే.

ఇక ఫ్యాక్టరీలు. ఈ జిల్లా పల్లెల నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న అమ్మాయిల్లో కొందరు మందుల తయారీలో, ప్యాకింగ్‌లో పనిచేస్తున్నారు. వాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు మన్మాడ్ గుర్తొస్తుంది. ప్యాకింగ్‌లో చేరిన అమ్మాయి అయిదారేళ్ల తర్వాత కూడా ప్యాకింగ్‌లోనే ఉంటోంది. ఆమె తర్వాత చేరిన మగపిల్లవాడు యంత్రం నేర్చుకుని లైన్ సూపర్‌వైజర్ అవుతున్నాడు. దళిత, వెనుకబడిన కులాల అమ్మాయిల్లో చాలామంది కాంట్రాక్టరు కింద ఉంటారు కాబట్టి వారికి పదోన్నతి జాబితాయే లేదు. ఇంటి దగ్గర మరో అడ్డు. రాత్రి షిఫ్టు అంటే పెళ్లి సంబంధాలు రావన్న భయం. కులం తన సరిహద్దును కాపాడుకునేది స్త్రీ మీద అదుపుతోనేనని 1916లో కొలంబియాలో చదివిన పరిశోధనా పత్రంలోనే అంబేడ్కర్ విశ్లేషించారు. ఆ అదుపు ఇప్పుడు షిఫ్టుల పట్టికలో కనిపిస్తోంది. కొత్త లేబర్ కోడ్‌లు స్త్రీల సమ్మతితో రాత్రి పనికి వీలు కల్పించాయి. ఇంటి గుమ్మం దాకా బస్సు, రాత్రి పూట మహిళా పర్యవేక్షకులు లేకపోతే ఆ సమ్మతి కాగితం మీదే ఉంటుంది.

చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. కండెలు చుట్టే, ఆసు పోసే స్త్రీకి తన పేరున గుర్తింపు కార్డు, సహకార సంఘంలో ఓటు, విడిగా కూలి ఉండాలి. జిల్లా ఐటీఐలలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ శిక్షణకు అమ్మాయిలను తీసుకుని, అదే జిల్లా ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్‌షిప్ చూపాలి. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ కాంట్రాక్టు కార్మికురాలికి కూడా అందుబాటులో ఉండాలి. అన్నిటికన్నా ముందు, ప్రతి ఫ్యాక్టరీ ఏ మెట్టు మీద ఎందరు స్త్రీలున్నారో, వారిలో ఏ సామాజిక వర్గాల వారు ఎందరో ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. కార్మిక సంఘాలు కూడా తమ కార్యవర్గాల గురించి అదే లెక్క చెప్పాలి. నేత గది తలుపుకు గడియ పెట్టింది తోటి కార్మికులేనన్న సంగతి అవి మరవకూడదు.

ఏప్రిల్ 14న మన ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కూడా అంబేడ్కర్ చిత్రపటానికి దండలు వేస్తున్నారు. మంచిదే. ఆ రోజున ఆ సంవత్సరం పదోన్నతి పొందిన స్త్రీల పేర్లు కూడా అక్కడే చదివి వినిపించమని కార్మికులు అడగాలి. జాబితాలో ఒక్క పేరూ లేకపోతే, దండ వేసినవారే కారణం చెప్పవలసి వస్తుంది.