చిత్రకారులు దామెర్ల రామారావుగారు

మన బాన్సువాడ ప్రాంతమున పారు మంజీరానది కందకుర్తియొద్ద గోదావరిలో కలియును. ఆ నీరు ఎన్నియో మలుపులు తిరిగి, పాపికొండల నడుమనుండి వెలువడి, తుదకు రాజమహేంద్రవరమును చేరును. ఆ నదీతీరపట్టణమున 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన దామెర్ల రామారావుగారు జన్మించిరి. ఆంధ్రుల నవీన చిత్రకళకు త్రోవ వేసినవారిలో వీరు ప్రథమగణ్యులు. వీరి ఆయుర్దాయము ఇరువదియెనిమిది సంవత్సరములకు ఒక నెల తక్కువ. ఇంత స్వల్పకాలమున అంతటి కృషి యెట్లు సాగెను? సాగిన కృషి మనవరకు ఎట్లు చేరెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వీరి జీవితమునందే కలదు. అది చిత్రములు గీయువారికే కాక, పెన్సిలు చేతబట్టిన ప్రతి బాలునకును, బాలికకును ఉపయోగించునట్టిది.

రామారావుగారికి చిన్ననాటనే బొమ్మలు గీయుటయందు మక్కువ కలిగెను. ఆ దినములలో బొమ్మలు గీయుటను చదువులో లెక్కించువారు అరుదు. లెక్కలు విడిచి పలకమీద బొమ్మ వేసిన బాలునకు సాధారణముగా దొరకునది చీవాట్లే. అట్టి కాలమున రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాల ప్రధానాధ్యాపకులైన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారి దృష్టి వీరిపై పడుట గొప్ప మేలయ్యెను. కూల్డ్రేగారు ఆంగ్లేయులు, రచయితలు, చిత్రకారులు కూడ. 1909 మొదలు 1919 వరకు వారు ఆ కళాశాలకు పెద్దగా నుండిరి. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు మున్నగువారును వారి శిష్యులే. పిల్లలలో నిద్రించుచున్న శక్తిని కనిపెట్టి మేలుకొలుపుట ఉపాధ్యాయుని ప్రధానకర్తవ్యమని వారు తమ నడవడిచేతనే తెలిపిరి.

కూల్డ్రేగారు తమ శిష్యులను అజంతా, ఎల్లోరా గుహలకు తోడ్కొని పోయిరి. ఆ గుహలు నాడు నైజాము రాజ్యములోనివి. మన బాన్సువాడయు నాడు ఆ రాజ్యములోనిదే. వందల యేండ్లకు పూర్వము పేరు చెప్పుకొనక చిత్రకారులు గోడలపై వేసిన బొమ్మలను రామారావుగారు అచ్చట కన్నులార చూచిరి. ఒక్క గీతలో చేయి వంపును, ఒక్క వంపులో మనస్సులోని భావమును చూపవచ్చునని అజంతా చిత్రములు చూచువానికి బోధించును. విదేశీయుడైన గురువు శిష్యునకు అతని దేశపు కళనే చూపుట గమనింపదగిన విషయము.

కూల్డ్రేగారి ప్రోత్సాహముతో 1916లో రామారావుగారు బొంబాయికి పోయి, 1857లో స్థాపింపబడిన జంషెడ్జీ జీజీభాయి చిత్రకళాశాలలో చేరిరి. అచ్చట పాశ్చాత్యపద్ధతిలో శిక్షణ కఠినముగా జరుగుచుండెను. మనుష్యదేహపు కొలతలు, వెలుగునీడల విభాగము, దూరపు వస్తువు చిన్నదిగా కనబడు క్రమము, వీనినన్నిటిని అభ్యసించి 1920లో వారు చదువు ముగించిరి. పిమ్మట ఒక్కచోట కూర్చుండక దేశమును చూచిరి. పశ్చిమమున కాథియవాడు ప్రాంతమునకు పోయిరి. ఆ ప్రాంతపు గొల్లస్త్రీలు వీరి చిత్రములలో కనబడుదురు. తూర్పున కలకత్తాకు పోయి, అవనీంద్రనాథ ఠాగూరుగారు మొదలగువారి నూతనపద్ధతిని పరిశీలించిరి.

ఇచ్చట వీరి ప్రత్యేకత తెలియవలెను. ఆ కాలపు యువచిత్రకారునకు రెండు త్రోవలు తెరచియుండెను. ఒకటి, బొంబాయిలో నేర్చిన పాశ్చాత్యపద్ధతినే తుదివరకు అనుసరించుట. రెండవది, నీటిరంగులను పలుమారు కడిగి, మంచుతెర కప్పినట్లు చూపు బెంగాలు పద్ధతిని స్వీకరించుట. రామారావుగారు రెంటిని పరీక్షించి చూచిరి గాని, దేనికిని దాసులు కాలేదు. తైలవర్ణము మెల్లగా ఆరును. తప్పు పడినచో పైన మరల వేయవచ్చును. నీటిరంగున కట్లు కాదు. కాగితపు తెల్లదనమే అందులో వెలుగు, ఒకసారి చెడిన వెలుగు మరల రాదు. ఈ రెండువిధముల రంగులతోను, వట్టి పెన్సిలుతోను వారు సమానముగా పనిచేసిరి. గోదావరిపై పడు ఎండ, తూర్పుకనుమల నీలిచ్ఛాయ, తెలుగుస్త్రీల కట్టుబొట్టు, వీనికి తగిన పద్ధతి యేదో వెదకి వెదకి తమదైన మార్గమును కనుగొనిరి. పుష్పాలంకరణము, 1922లో వేసిన సిద్ధార్థ రాగోదయము మున్నగునవి వీరి ప్రసిద్ధచిత్రములు. ఋష్యశృంగుని కథను చూపిన చిత్రమునకు కలకత్తాలో బహుమానము లభించెను. 1924లో లండను చెంతనున్న వెంబ్లీలో జరిగిన గొప్ప ప్రదర్శనమునకును వీరి చిత్రములు చేరెను.

ఇన్ని పరీక్షలకు తావైనది యేది? గోడకు తగిలించు పెద్దపటము కాదు. చేతిలో ఇముడు చిన్నపుస్తకము. పెన్సిలుతో త్వరత్వరగా గీసిన బొమ్మలుగల స్కెచ్ పుస్తకములను రామారావుగారు 28 నింపిరి. స్కెచ్ పుస్తకమనగా చిత్రకారుని చిత్తుపుస్తకమని విద్యార్థులు గ్రహింతురుగాక. కదలుచున్న మనిషి చిత్రకారునికొరకు నిలువడు. కావున చేయి కన్నును వెంబడింపవలెను. గీత తప్పినచో ప్రక్కనే మరియొకటి గీయవచ్చును. మార్కులు వేయువారు లేరు, నవ్వువారు లేరు. బాలుడు ఇసుకలో ఆడుకొనునట్లు చిత్రకారుడు ఆ పుటలలో ఆడుకొనును. కాని ఇసుకలోని బొమ్మ గాలికి పోవును. పుస్తకములోని బొమ్మ నిలుచును. నిలిచినదానినుండియే మరునాటి పని పుట్టును.

రామారావుగారు తమ విద్యను తమయందే దాచుకొనలేదు. స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు నేర్పిరి. వారి సతీమణి సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. స్త్రీలు అక్షరములు నేర్చుటయే వింతగా ఎంచబడిన ఆ దినములలో ఒక్క యింట ఇద్దరు స్త్రీలు కుంచె పట్టుట మన బాలికలు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

ఇట్లు కృషి ఫలించుచుండగా మశూచి వ్యాధి సోకి 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు మరణించిరి. ఆ మహమ్మారి టీకాల బలముచేత లోకమునుండి తుడిచివేయబడినదని 1980లో ప్రకటింపబడెను. నేటి పిల్లలు దాని ముఖమెరుగరు. నాటివారికి ఆ భాగ్యము లేకపోయెను. వేయదలచిన చిత్రము లెన్నియో వారితోడనే పోయెను.

మిగిలినదేమి? తైలవర్ణచిత్రములు 34, నీటిరంగుల చిత్రములు 129, పెద్ద రేఖాచిత్రములు 250, పైన చెప్పిన స్కెచ్ పుస్తకములు 28. ఇంత స్పష్టముగా లెక్క చెప్పగలుగుచున్నామనగా, ఆ కాగితములు చెదరిపోలేదన్నమాట. చెదరనీయక కాపాడినవారు సత్యవాణిగారు, మిత్రులైన వరదా వెంకటరత్నముగారు. చిన్నవయసున భర్తను కోల్పోయిన సత్యవాణిగారు ఆ చిత్రములను అమ్ముకొని పంచివేయక, ప్రజలందరును చూచుటకై అప్పగించిరి. వెంకటరత్నముగారు తమ స్నేహితుని పేర రాజమహేంద్రవరమున చిత్రశాలను నిలిపి, అతని పాఠశాలను నడిపి, ఎందరో శిష్యులను తయారుచేసిరి. ఆ చిత్రశాల నేటికిని ఆ నగరమున కలదు.

ఐదువేలమంది తృప్తిగా భుజించిన పిమ్మట మన ప్రభువు శిష్యులచేత మిగిలిన ముక్కలను ఏరించెను. రొట్టెలను విస్తరింపజేయగల శక్తిగలవానికి ముక్కలతో పనియేమని తోచవచ్చును. ఏదియు వ్యర్థము కాకూడదని ఆయన యెంచెను. ముక్కలు పండ్రెండు గంపలు నిండెను. చిత్తుపుస్తకములోని గీతలును అట్టి ముక్కలే. ఒక్కొక్కటి చూచిన అల్పము. కూడబెట్టినచో ఒక మనుష్యుడు చూచిన లోకమంతయు అందుండును.

విద్యార్థులారా, మీలో పలువురు రంగుపెన్సిళ్లతో ఏవేవో గీయుదురు, ఆకులు అంటింతురు, పుట అంచున పేర్లు వ్రాసి పువ్వులు చుట్టుదురు. అది వ్యర్థకాలక్షేపమని చెప్పను. భయము లేక ఆడుకొనుడు. చెడిపోవునేమోయని వెనుదీయు చేయి ఏమియు నేర్చుకొనలేదు. కాని ఆటకు ఒక యిల్లు కావలెను. విడికాగితములపై గీసి పారవేయక ఒక కుట్టుపుస్తకమునందే గీయుడు. ప్రతి పుటపై తేదీ, స్థలము, వాడిన రంగు పేరు వ్రాయుడు. నచ్చని పుటను చింపకుడు. మీరు ఎంతదూరము నడచితిరో రేపు మీకు తెలుపునది అదియే. పుస్తకము నిండగానే అట్టమీద సంఖ్య వేసి, వెనుకటిదాని ప్రక్కన నిలబెట్టుడు. పని ముగిసిన పిమ్మట కుంచె కడుగుట, పెన్సిలు చెక్కియుంచుట, రంగులపెట్టె మూయుట మరువకుడు. ఈ క్రమము ఆటకు సంకెల కాదు. మరునాడు వస్తువులు వెదకుకొనుటలో పోవు కాలమును ఆటకే మిగుల్చును.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. సంవత్సరాంతమున మన యిండ్లలో పాతపుస్తకములన్నియు కట్టగట్టి తూకమునకు అమ్ముట వాడుక. ఆ కట్టను కట్టుటకు ముందు ఒక్కసారి విప్పి చూడుడు. లెక్కల నోటుపుస్తకము పోయినను లోపము లేదు; బజారులో మరియొకటి దొరకును. మీ బిడ్డ గీసిన బొమ్మల పుస్తకము మాత్రము ఏ బజారునను దొరకదు. సత్యవాణిగారు ఆ కాగితములను తూకమునకు వేసియుండినచో, నేడు రామారావుగారి పేరు తప్ప మనకు మరేమియు మిగిలియుండెడిది కాదు.