డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

తిన్న అన్నం ఒంటబట్టకపోవడం కంటె దైన్యం మరొకటి లేదు. ఎదుట భోజనం ఉంటుంది, రోగి తింటాడు, అయినా నానాటికి కృశించిపోతాడు. స్ప్రూ అనే వ్యాధి లక్షణమిదే. ఉష్ణదేశాలలో కనిపించే ఈ జబ్బులో చిన్నప్రేవుల లోపలి పొర దెబ్బతిని ఆహారసారాన్ని పీల్చుకోలేదు. ఎడతెగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత మనిషిని కుంగదీస్తాయి. ఆయుర్వేదం గ్రహణి అని వర్ణించిన రోగాల కోవలోనిదే ఇది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో దీనికి నమ్మదగిన మందు లేదు. ఒక తెలుగు కుటుంబంలో ఈ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొని, మరొక సోదరుణ్ణి మృత్యుముఖందాకా తీసుకుపోయింది. ఆ బ్రతికి బయటపడినవారే ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి త్వరగా గతించడంతో సంసారభారం తల్లిపై పడింది. కుమారుని చదువుకోసం ఆమె పట్టిన పట్టు అంతా ఇంతా కాదు. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవసారికి గాని ఉత్తీర్ణులు కాలేదు. పరీక్షలంటే బెదిరే విద్యార్థులు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవచ్చు! రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని ఆయన తలచినా తల్లి అంగీకరించలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు గౌనుతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. కాక, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాతో స్ప్రూకు బలియైనది ఆ యౌవనంలోనే. తరువాత ఆయనకూ అదే వ్యాధి సోకింది. వైద్యవిద్య నేర్చినవాడు తన ఇంటివారిని కాపాడుకోలేకపోయాడు. తనను తాను నయం చేసుకోలేకపోయాడు. చివరకు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ కృతజ్ఞతతోనో, ఆసక్తితోనో మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరశాస్త్రం బోధించారు. అయితే ఆ మందు ఎందుకు పనిచేసిందో, సోదరులు ఎందుకు బ్రతకలేదో తెలియలేదు.

ఆ అన్వేషణ ఆయనను 1922లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చేర్చింది. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ధనం ఆధారం. హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. ఇంటివద్ద భార్య శేషగిరికి కుమారుడు కలిగి పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు. భార్యనూ మరల చూడలేదు. ఆయన కీర్తిని చెప్పేవారు ఈ మూల్యాన్ని కూడ చెప్పాలి.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. కండరాల శక్తికి మూలమైన పదార్థాల జాడ తీశారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక పాత ప్రశ్న మళ్లీ ఎదుటికి వచ్చింది. గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారం తగ్గిస్తున్నదని లూసీ విల్స్ అంతకుముందే బొంబాయిలో గమనించారు. ఆ సారంలోని గుణకారి ఫోలిక్ ఆమ్లమే. 1945 నాటికి సుబ్బారావు బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. ప్రేవుల లోపలి పొర కొద్దిరోజులకొకసారి కొత్తకణాలతో నిండుతుంది. ఫోలిక్ ఆమ్లం లేనిదే ఆ కణాలు పుట్టవు. స్ప్రూలో పొర చెడి ఫోలిక్ ఆమ్లం అందదు. అది అందక పొర బాగుపడదు. ఈ విషవలయాన్ని ఆ మందు ఛేదించింది. టామ్ స్పీస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకు దానినిచ్చి సత్ఫలితాలు పొందాడు. వ్యాధి ముదిరినవారికి ఫోలిక్ ఆమ్లంతోపాటు టెట్రాసైక్లిన్ కూడ నెలల తరబడి ఇస్తారు. ఆ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ కనుగొన్నది సుబ్బారావు నడిపిన పరిశోధనశాలలోనే.

1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులనూ రూపొందించింది. బోస్టన్‌లో ఫార్బర్ వాటిలో ఒకదానిని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. ఆ కుదురులోని మెథోట్రెక్సేట్ తరువాత ప్రేవులవద్దకే తిరిగివచ్చింది. శరీర రక్షణవ్యవస్థ తన ప్రేవులపైనే తిరగబడి పుండ్లు కలిగించే క్రోన్స్ వ్యాధిలో ఈ మందు సూదిరూపంలో పనిచేస్తుందని 1995లో ఒక పరిశోధన చూపింది. పుండ్లు లేకుండానే కడుపు తరచు కలవరపడే ఐ.బి.ఎస్. వేరు, దానికి ఆహార నియమం, ఉపశమన చికిత్సలే గాని ఈ మందుతో పనిలేదు. క్రోన్స్ రోగికి వైద్యులు మెథోట్రెక్సేట్‌ను వారానికొకసారి ఇస్తారు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడ వాడిస్తారు.